దమ్ముకి మూలకణాల సూదట!

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాదు. ఇంజనీరింగ్ చదివి, ఏడేళ్ళుగా కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. కాబట్టి ఇందులో ఏ మందు వాడాలి, ఎంత వాడాలి అన్న సలహాలు వెతక్కండి. నేను చెప్పదల్చుకున్నది ఒకే ఒక్క విషయం. ఉబ్బసానికి మూలకణాల చికిత్స, అదే స్టెమ్ సెల్ థెరపీ చేస్తామని ఎవరైనా మీ చేతిలో ఎస్టిమేటు పెడితే, ఆ చికిత్స గురించి మీకు కావలసిన సమాధానం ఆ ఎస్టిమేటులోనే ఉంది. అది ఎలాగో మెల్లగా చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మాది పాలమూరు. 2016లో జిల్లాలు విడగొట్టాక నాగర్‌కర్నూల్ జిల్లా అయింది గానీ, ఎవరైనా అడిగితే నా నోటికి ఇంకా పాలమూరే వస్తుంది. కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డుకి పోతే సోమశిల. శ్రీశైలం డ్యాం వెనకనీళ్ళు అక్కడిదాకా ఉంటాయి. సెలవు దొరికితే హైదరాబాదు నుంచి జనం కార్లేసుకుని వస్తారు. బోటెక్కుతారు, సోమేశ్వరుడికి దండం పెట్టుకుంటారు, ఒడ్డున కూచుని చేపల వేపుడు తింటారు. ఆ వేపుడు పొయ్యిల్లో ఒకటి మా చిన్నమ్మది. కట్టెల పొగ, కాగే నూనె, కారం ఘాటు. వాటికి తోడు ఆమెకి ఇరవై ఏళ్ళుగా దమ్ము. (మా వైపు ఉబ్బసాన్ని దమ్ము అంటారు. కోస్తా మిత్రులు ఆయాసం అని చదువుకోండి.)

చిన్నమ్మ కొడుకు హైదరాబాదులో మన ఫీల్డే. మూడేళ్ళ ఎక్స్‌పీరియెన్సు. మొన్నొక రోజు ఫోన్ చేసి, "అన్నా, పర్సనల్ లోన్ యాడ తక్కువ వడ్డీకి దొరుకుతది?" అని అడిగాడు. ఎందుకురా అంటే వాట్సాప్‌లో ఒక బ్రోచర్ పంపాడు. మూలకణాలతో ఉబ్బసానికి శాశ్వత పరిష్కారం, మూడు విడతల సూదులు, మొత్తం నాలుగు లక్షల చిల్లర. ఆ క్లినిక్కు పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటి బ్రోచర్లు మీలో చాలామందికి వచ్చే ఉంటాయి.

చిన్నమ్మతో మాట్లాడితే ఆమె అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. "ఆ పీల్చుకునే మందు జిందగీ అంత వాడాల్నంట కొడుకా. ఈ సూదయితే ఒక్కపారి ఏసుకుంటే అయిపాయె గద!" అంది. మొత్తం వ్యాపారం ఈ ఒక్క ఆశ మీదే నడుస్తోంది. జీవితాంతం రోజూ చేసే పని కంటే ఒక్కసారి చేసి మర్చిపోయే పని ఎవరికైనా ముద్దే కదా. మనం కూడా రోజూ లాగులు చూసుకోవడం కంటే ఒక్క ప్యాచ్‌తో పీడ వదిలించుకోవాలనే చూస్తాం.

సరే, ఆ ప్యాచ్ నిజంగా ఉందా?

అలర్జీ ఉబ్బసంలో జరిగేది స్థూలంగా ఇది. దుమ్ములో ఉండే పురుగులు, పుప్పొడి, బూజు, బొద్దింకల రెట్ట లాంటివాటిని మన రోగనిరోధక వ్యవస్థ శత్రువులుగా పొరబడుతుంది. ఐజీఈ అనే యాంటీబాడీలు పుడతాయి. మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్ అనే కణాలు రెచ్చిపోతాయి. (ఇస్నోఫీలియా అని మన ఇళ్ళల్లో వినబడేది ఈ ఇసినోఫిల్స్ సంగతే.) శ్వాసనాళాల లోపలి గోడలు వాస్తాయి, కఫం పెరుగుతుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. పొగ లాంటివి ఈ మంటకి ఆజ్యం పోస్తాయి. మంట మాత్రం ఆయాసం లేని రోజుల్లో కూడా లోపల నివురుగప్పి ఉంటుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక మూలకణాలు. ఎముక మజ్జలో, బొడ్డుతాడులో, కొవ్వులో దొరికే మీసెంకైమల్ మూలకణాలకి రోగనిరోధక వ్యవస్థని శాంతపరిచే గుణం ఉంది. ఇది అబద్ధం కాదు, నిజంగానే మంచి పరిశోధన. నరంలోకి ఎక్కిస్తే అవి చాలావరకు ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లోనే చిక్కుకుంటాయి. కొద్దిరోజుల్లోనే చచ్చిపోతాయి. కొత్త ఊపిరితిత్తులేమీ మొలిపించవు. చచ్చేలోపు అవి వదిలే రసాయన సంకేతాలే పని చేస్తాయని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. అంటే "పాడైన ఊపిరితిత్తులు మళ్ళీ పుడతాయి" అన్న బ్రోచరు బొమ్మకి, అసలు సైన్సుకి పొంతనే లేదు.

ఆ పరిశోధన ఎక్కువగా ఎలకల మీద జరిగింది. ఎలకలకి మనకి వచ్చినట్టు ఉబ్బసం దానంతట అది రాదు. గుడ్డు తెల్లసొనలోని ప్రోటీను ఎక్కించి, పీల్పించి తెప్పిస్తారు. ఆ ఎలకల్లో మూలకణాలు వాపు తగ్గించాయి. సంతోషం. మనుషుల మీద జరిగినవి మాత్రం కొద్దిమందితో చేసిన తొలిదశ ప్రయోగాలు. ఆ దశలో చూసేది ముఖ్యంగా ప్రమాదం ఉందా లేదా అని. మన భాషలో చెప్పాలంటే ఇది "నా మెషీన్ మీద పనిచేస్తోంది సార్" దశ. ఆ మాట నమ్మి ప్రొడక్షన్‌లోకి తోసేస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మూలకణాల మందులు అసలు ఆమోదం పొందవా అంటే, పొందుతాయి. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ మొదటిసారి ఒక మీసెంకైమల్ మూలకణాల మందుకి అనుమతి ఇచ్చింది. పేరు రయాన్‌సిల్. ఎముక మజ్జ మార్పిడి తర్వాత పిల్లల్లో వచ్చే ఒక ప్రాణాంతక సమస్య స్టెరాయిడ్లకి లొంగనప్పుడు వాడేందుకు. దానికంటే ముందు 2020లో ఒకసారి, 2023లో ఒకసారి ఎఫ్‌డీఏ అదే మందుని ఇంకా ఆధారాలు కావాలని వెనక్కి పంపింది. ఒక్క జబ్బుకి ఒక్క అనుమతి రావడానికి అంత కష్టపడ్డారు. మన బ్రోచరులో మాత్రం ఉబ్బసం, మోకాళ్ళు, షుగరు, పక్షవాతం, ఆటిజం అన్నిటికీ అదే సూది.

ఇప్పుడు అసలు పాయింటు.

మన దేశంలో దీనికి నిబంధనలు ఉన్నాయి. 2007లో ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ కలిసి విడుదల చేసిన మార్గదర్శకాల పేరులో "మూలకణాల పరిశోధన, చికిత్స" అని ఉండేది. 2013లో సవరించినప్పుడు "చికిత్స" అన్న పదాన్ని కావాలనే తీసేశారు. ఒట్టి "పరిశోధన" మిగిలింది. 2017లో మళ్ళీ సవరించారు, అప్పుడూ ఆ పదం తిరిగి రాలేదు. వాటి సారాంశం ఇది: రక్త సంబంధ జబ్బులకి చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మూలకణాలతో చేసే మరేదైనా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి. మామూలు చికిత్సగా అమ్మకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు. పరిశోధనలో పాల్గొన్నవాళ్ళ దగ్గర దానికి డబ్బు వసూలు చెయ్యకూడదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం కూడా వాళ్ళే భరించాలి.

దీన్ని ఇఫ్-ఎల్స్‌గా రాసుకోండి. అది ట్రయల్ అయితే, డబ్బు అడగకూడదు. ట్రయల్ కాదు, చికిత్సే అంటే, ఉబ్బసానికి ఆమోదం పొందిన మూలకణాల చికిత్స ఏదీ లేదు. మూడో బ్రాంచి లేదు. కాబట్టి నాలుగు లక్షల బిల్లు చేతికొచ్చింది అంటే, మనం రిపోర్టులు చదవక్కర్లేదు, జర్నల్స్ వెతకక్కర్లేదు. బిల్లే సాక్ష్యం.

తమ్ముడికి ఇదే చెప్పి, ఫోన్ చేసి అడగమన్నాను. "ఇది ట్రయల్ కాదు సార్, అడ్వాన్స్‌డ్ థెరపీ" అన్నారట. మరి అనుమతి కాగితం పంపండి అంటే, "మీరొకసారి మదర్ గారిని తీసుకుని రండి, డాక్టర్ గారు ఎక్స్‌ప్లెయిన్ చేస్తారు" అన్నారట. కాగితం మాత్రం ఇప్పటిదాకా రాలేదు.

కొందరు తెలివిగా "మా ట్రయల్ రిజిస్టర్ అయింది, నెంబరు కూడా ఉంది" అంటారు. నెంబరు ఉన్నంత మాత్రాన ఎవరో పరీక్షించి పాస్ చేశారని కాదు. అమెరికాలో ఫ్లోరిడాలో ఒక క్లినిక్కు కంటి జబ్బు ఉన్న ముగ్గురు ఆడవాళ్ళకి వాళ్ళ కొవ్వులోంచి తీసిన కణాలు కళ్ళలోకి ఎక్కించింది. ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు తీసుకుంది. ప్రభుత్వ ట్రయల్స్ జాబితాలో ఆ పేరు కనబడింది కాబట్టి వాళ్ళలో కనీసం ఒకరు అది పరిశోధనే అనుకున్నారు. ముగ్గురికీ చూపు ఘోరంగా దెబ్బతింది. ఈ సంగతి 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రిజిస్ట్రేషన్ నెంబరు పక్కన బిల్లు కూడా ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించాలన్నమాట.

ఇక్కడ మీలో కొందరు "మరి చేప ప్రసాదం సంగతేంటి? దానికి లేని ఆధారాలు దీనికెందుకు?" అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఉబ్బసం అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది మృగశిర కార్తె, కొర్రమీను పిల్ల. బత్తిని వారి కుటుంబం 1845 నుంచి ఇస్తున్నామని చెబుతుంది. ఒకప్పుడు పాతబస్తీ దూద్‌బౌలిలో, తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో. "చేప మందు" అనేవాళ్ళు, జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల అభ్యంతరాలు, కోర్టు గొడవల మధ్య "చేప ప్రసాదం" అయింది. కరోనా వల్ల ఆగి 2023లో మళ్ళీ మొదలైంది. మా చిన్నమ్మ కూడా వాళ్ళు చెప్పినట్టే వరసగా మూడేళ్ళు మింగింది. (సోమశిల మనిషి చేపకోసం హైదరాబాదు పోవడం ఏంటో అని మా చిన్నాయన ఇప్పటికీ నవ్వుతాడు.)

చేప ప్రసాదంతో ఉబ్బసం తగ్గుతుందని నేను నమ్మను. దాన్ని నిరూపించిన సరైన పరీక్ష ఏదీ లేదు. కానీ రెండు తేడాలు ఒప్పుకోవాలి. అది ఉచితం. పైగా అది తనని తాను ప్రసాదం అని చెప్పుకుంటోంది, నమ్మకం అని ఒప్పుకుంటోంది. మూలకణాల దుకాణం అలా కాదు. అది సైన్సు కోటు తొడుక్కుని, సైన్సు భాష మాట్లాడుతూ, సైన్సు అడిగే పరీక్ష మాత్రం రాయనంటుంది. చేపకి క్యూలో నిలబడ్డవాళ్ళని చూసి నవ్వే మనం, ఏసీ గదిలో ల్యామినేటెడ్ బ్రోచరు ఇస్తే పర్సనల్ లోను తీసుకుంటున్నాం. చదువు ఎక్కడ పనికొచ్చినట్టు?

"కానీ ఫలానా వాళ్ళకి తగ్గిందట కదా" అనేది తర్వాతి వాదన. చేపకీ అదే సాక్ష్యం, సూదికీ అదే సాక్ష్యం. ఉబ్బసం ఒక్కలా ఉండే జబ్బు కాదు, పెరుగుతుంది, తగ్గుతుంది. మరీ ఎక్కువైనప్పుడే మనిషి కొత్త వైద్యం వెతుక్కుంటాడు. ఆ తర్వాత ఏం చేసినా, చెయ్యకపోయినా కొంత తగ్గడం సహజం.

దీని మీద 2011లో ఒక చక్కటి ప్రయోగం వచ్చింది. అదీ న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లోనే. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఒకసారి అసలు ఇన్‌హేలర్, ఒకసారి మందులేని ఉత్తుత్తి ఇన్‌హేలర్, ఒకసారి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు, ఒకసారి ఏమీ ఇవ్వలేదు. మీకెంత హాయిగా ఉంది అని అడిగితే అసలు మందుకి 50 శాతం మెరుగు, ఉత్తుత్తి ఇన్‌హేలర్‌కి 45, ఉత్తుత్తి సూదులకి 46 అన్నారు. ఏమీ ఇవ్వనప్పుడు 21. అంటే అసలుకి, ఉత్తుత్తికి పెద్ద తేడా లేదు. కానీ యంత్రంతో ఊపిరితిత్తుల పనితీరు కొలిస్తే అసలు మందుకి 20 శాతం పెరిగింది, మిగతా అన్నిటికీ ఏడు శాతం దగ్గరే ఆగింది, ఏమీ ఇవ్వనప్పుడు కూడా. హాయిగా అనిపించడం వేరు, గాలి ఆడటం వేరు. నాలుగు లక్షలు పెట్టినవాడికి ఇంకా హాయిగా అనిపిస్తుందని నా అనుమానం :-)

నిజమైన ప్రమాదం ఇక్కడే ఉంది. హాయిగా అనిపించగానే రోజూ వాడే ఇన్‌హేలర్ పక్కన పడేస్తారు. లోపల మంట నివురుగప్పి ఉంటుంది అన్నాను చూడండి, ఆ మంట మీద మందు లేకుండా పోతుంది. ఒకరోజు అర్ధరాత్రి ఊపిరి అందదు. సోమశిల నుంచి హైదరాబాదు దాదాపు 180 కిలోమీటర్లు. "ట్రై చేస్తే పోయేదేముంది?" అనేవాళ్ళకి నా జవాబు ఇదే. పోయేది డబ్బొక్కటే కాదు.

2019 నాటి గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అంచనాల్లో, మన దేశంలో ఉబ్బసం ఉన్నవాళ్ళు దాదాపు 3 కోట్ల 40 లక్షలు. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో ఇది సుమారు 13 శాతం. మరి ఉబ్బసంతో చనిపోయేవాళ్ళలో మన వాటా? 40 శాతం పైనే. మనకి కొరత మూలకణాలది కాదు. ఉన్న మందులే సరిగ్గా అందక, అందినా సరిగ్గా వాడక ఇంతమంది పోతున్నారు.

ఎందుకు వాడరంటే, "అది స్టెరాయిడ్, అలవాటైపోతుంది" అంటారు. పీల్చే స్టెరాయిడ్ లెక్క మైక్రోగ్రాముల్లో. మామూలు మోతాదు రోజుకి 200, 400 మైక్రోగ్రాములు. అదే ఆయాసం ముదిరి ఆసుపత్రికి పోతే ఇచ్చే మాత్రలు రోజుకి 40 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండూ వేరే మందులు, వాటి శక్తి వేరు, కాబట్టి నేరుగా పోల్చకూడదు. అయినా స్టెరాయిడ్‌కి భయపడి ఇన్‌హేలర్ మానేసినవాళ్ళు చివరికి మింగేది ఎంతో ఊహించుకోండి. ఇంకోటి, అప్పటికప్పుడు ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ ఒక్కటే వాడటం మంచిది కాదని, వాపు తగ్గించే మందు కూడా తప్పనిసరి అని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019 నుంచి గట్టిగా చెబుతున్నాయి.

తమ్ముడు లోన్ తీసుకోలేదు. ఛాతీ డాక్టర్‌కి చూపించాడు. తేలింది ఏంటంటే, చిన్నమ్మ ఇన్నేళ్ళూ వాడింది ఉపశమనం ఇన్‌హేలర్ ఒక్కటే, అదీ ఊపిరాడనప్పుడు మాత్రమే. మందు సగం నాలుక మీదే మిగిలేది. ఇప్పుడు రోజూ వాడే మందు ఇచ్చి, స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం పెట్టి ఎలా పీల్చాలో నేర్పించారు. వేపుడు గ్యాసు పొయ్యి మీదకి మారింది. రాత్రుళ్ళు పడుకోగలుగుతోంది. దమ్ము పోలేదు, అదుపులో ఉంది. ఇది కూడా ఒక్క మనిషి కథే, దీన్నీ రుజువుగా తీసుకోకండి. ఈ మందులకి రుజువు వేలమంది మీద చేసిన పరీక్షల్లో ఉంది.

ఇవన్నీ సరిగ్గా వాడినా లొంగని తీవ్రమైన అలర్జీ ఉబ్బసం ఉంటుంది. దానికి నిజమైన సూది కూడా ఉంది. ఐజీఈని పట్టుకునే ఒమాలిజుమాబ్‌కి 2003లోనే అమెరికాలో అనుమతి వచ్చింది, మన దగ్గరా దొరుకుతుంది. రెండు లేక నాలుగు వారాలకోసారి వెయ్యాలి, ఖరీదెక్కువ. అదీ శాశ్వత పరిష్కారం అని చెప్పుకోదు. నిజమైన మందుకి ఉండే గుర్తు అదేనేమో, ఏం చెయ్యలేదో కూడా చెబుతుంది.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఆ బ్రోచరు సోమశిలలో పొయ్యి ముందు కూచున్న మనిషి కోసం తయారవ్వలేదు. నెలకింత జీతం, ప్రీ-అప్రూవ్డ్ లోను, ఇంటికి దూరంగా ఉన్నామన్న బాధ ఉన్న మనకోసం తయారైంది. అమ్మకి ఏదో ఒకటి పెద్దది చెయ్యాలన్న మన తపనే వాళ్ళ మార్కెట్టు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఎస్టిమేటు వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ట్రయలా, చికిత్సా? ట్రయల్ అయితే డబ్బెందుకు? చికిత్స అయితే ఉబ్బసం పేరు రాసి ఉన్న అనుమతి కాగితం ఏది? మీ కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్ళనీ ఒకమాట అడగండి. 2019లో ఐఆర్‌డీఏఐ తప్పక కవర్ చెయ్యాలన్న ఆధునిక చికిత్సల్లో మూలకణాలు ఉన్నాయి, అయితే రక్త సంబంధ జబ్బులకి చేసే ఎముక మజ్జ మార్పిడి వరకే.

రేపెప్పుడో మూలకణాలు ఉబ్బసానికి నిజంగానే పనికిరావచ్చు. ఆ రోజు రావాలంటే ఎవరో సరైన ట్రయల్‌లో, డబ్బు కట్టకుండా, అన్నీ తెలుసుకుని సంతకం పెట్టి పాల్గొనాలి. అలాంటిది వస్తే చేరమనే చెప్తాను. అప్పటిదాకా మాత్రం ఆ నాలుగు లక్షలు బ్యాంకులోనే ఉండనివ్వండి. ఈసారి ఊరికి పోయినప్పుడు అమ్మ ఇన్‌హేలర్ ఎలా పీలుస్తోందో పక్కన కూచుని ఒక్కసారి చూడండి. దానికి బిల్లు ఉండదు.